పెద్దామె పెట్టిన వేళలు

మొన్న కొత్తగూడెం బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాను. బండి స్టార్టయి అరగంటయినా కదలడం లేదు. ఒక తల్లి చిన్నపిల్లను తీసుకుని బస్టాండు వెనక్కి వెళ్లిందట, ఇంకా రాలేదు. నా వెనక సీటాయన, టైము కాలేదా, పోనియ్యవా అని నస మొదలుపెట్టాడు. డ్రైవరు స్టీరింగు మీద మోచేతులు ఆనించి తాపీగా వెనక్కి తిరిగాడు.

"పిల్ల ఒంటికి పోయింది. వచ్చినంక పోదాం. పెద్దామె బతికున్నన్ని రోజులు మాకు గదే నేర్పింది."

"బతికున్నన్ని రోజులు" అన్న మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. బస్సు పైకప్పు నా నెత్తిన మొట్టింది. ఆ దెబ్బకు బస్సు ఒక పక్కకు ఒరిగిందంటే మీరు నమ్మరు కానీ, సీట్ల కింద గంపల్లో ఉన్న కోళ్లు కూసిన మాట మాత్రం నిజం. ఎప్పుడు పోయిందని అడిగాను. పోయిన నెలలో, నిద్రలోనే పోయిందని చెప్పి, నాకు కబురు రాలేదా అని అతనే ఆశ్చర్యపోయాడు. నేను ఊళ్లు మారుతూ పోతుంటాను, నా వెంట పరిగెత్తలేక కబుర్లు దారిలో కూలబడతాయి.

ఉన్నదాన్ని పెంచి రాస్తానని నా మీదొక అపవాదుంది. పెద్దామె విషయంలో ఆ అవసరం లేదు. తగ్గించి రాయడానికే ఇక్కడ నానా అవస్థ పడుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను చండ్రుగొండ పక్కన, అడివి అంచున ఒక ఊళ్లో సహకార సంఘం గుమస్తాగా ఉండేవాణ్ణి. ఆవిడ ఇంటి ముందు గదిలో కిరాయికి దిగాను. కృష్ణా జిల్లా నుంచి వలసవచ్చి, భూములు కొని, మిరప, పత్తి పండిస్తున్న కుటుంబం వాళ్లది. ఊళ్లో కూలీ నుంచి సర్పంచి దాకా అందరూ ఆవిణ్ణి పెద్దామె అనేవాళ్లు. మనిషి చూస్తే నా భుజం దాకా కూడా రాదు. గొంతు మాత్రం తోటలో మిరపకాయలు కోస్తున్న వాళ్లను రోడ్డు మీద నుంచే మందలించగలిగేది. ఆ గొంతు వింటే కాయలే భయపడి ఎర్రబడేవని నా అనుమానం. ఏదైనా నిర్ణయం చేసేముందు కొంగు లాగి నడుములో దోపేది. దోపిందంటే ఇక అప్పీలు లేదు. కొంగు వేలాడుతున్నంతసేపే ఆ ఇంట్లో వాదనలకు చోటుండేది.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. ఆడవాళ్లు తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి చెంబు పట్టుకుని చేలోకి వెళ్లాలి. ఈ రెండింటి మధ్య శరీరానికి ఏ పనీ ఉండకూడదు. పగలంతా పొలాల్లో కూలీలు, రోడ్డు మీద బస్సులు, అరుగుల మీద మగాళ్లు. వాళ్ల ముందు నుంచి ఆడది చెంబుతో నడిస్తే పరువుంటుందా అని ఆవిడ వాదన. ఇంట్లో మరుగుదొడ్డి కట్టించుకోవడం ఆవిడ దృష్టిలో అంతకన్నా అసహ్యం. ప్రయాణం పెట్టుకున్న రోజు మంచినీళ్లు తాగడం దొంగతనంతో సమానం. నేను మగవాణ్ణయినా, ఆవిడ చూస్తుంటే అందుకున్న గ్లాసు మళ్లీ పెట్టేసేవాణ్ణి.

మనవరాలు రమకు అప్పుడు ఆరేళ్లు. మూడో ఏటికే ఈ చట్టమంతా నేర్చేసుకుంది. చుట్టాలొస్తే వేరే ఇళ్లలో పిల్లల చేత పద్యం చదివిస్తారు, పెద్దామె రమను నిలబెట్టి, "పొద్దున పోయిందంటే మళ్లీ దీపాలు పెట్టాకే. పగలు నోరెత్తదు," అని చూపించేది. చుట్టాలు ముక్కున వేలేసుకునేవాళ్లు. రమ కాలి మీద కాలేసుకుని, తొడలు బిగించి, నవ్వుతూ నిలబడేది. ఆ నిలబడడం చూసి పిల్లకు నాట్యం వస్తుందేమోనని నేను కూడా మెచ్చుకున్నాను.

పిల్లకు జ్వరాలు మొదలయ్యాయి. మా అడివి అంచు ఊళ్లలో జ్వరానికి వేరే పేరు వెతికే అలవాటు లేదు. వణుకుతో వస్తే మలేరియా. వణుకు లేకుండా వస్తే, వణుకు ఇంకా దారిలో ఉన్న మలేరియా. మలేరియా ఉద్యోగి వచ్చేవాడు, వేలు పొడిచి గాజు పలక మీద రక్తం చుక్క తీసుకునేవాడు, దాని ఫలితం వచ్చేలోపు చేదు మాత్రలు ఇచ్చేవాడు. నాలుగు రోజులకు జ్వరం తగ్గేది. నెలా రెండు నెలలకు మళ్లీ వచ్చేది. రమ మింగిన మాత్రల లెక్కకు, దోమ వచ్చి ఆ పిల్లను కుడితే దోమకే మలేరియా నయమవ్వాలి. పిల్ల మాత్రం ఎదగలేదు. పక్కింటి ఈడు పిల్లలు పొడుగు సాగుతుంటే రమ గౌను అంచు మడత విప్పి కిందికి దించే పని కూడా పడలేదు.

ఆ ఇంటి కోడలు, రమ తల్లి, మాట్లాడగా నేను విన్నది తక్కువ. ఒకనాడు వంటింటి గడప దగ్గర నుంచి ఆమె చెప్పింది:

"పోసేటప్పుడు మంటని ఏడుస్తోంది అత్తయ్యా. వాసన కూడా బాగుండట్లేదు. ఇది మలేరియా కాదేమో."

పెద్దామె కొంగు చేతిలోకి తీసుకుంది కానీ దోపలేదు. మర్నాడు ఖమ్మం ప్రయాణం కట్టింది. కోడలి చేతిలో పాలు తాగే పిల్లవాడు ఉన్నాడు కాబట్టి ఆమె ఇంట్లో ఉండిపోయింది. కొడుకు బయల్దేరాడు. ఇంగ్లీషు చదవడానికని నన్నూ ఎక్కించారు. నా ఇంగ్లీషు సహకార సంఘం ఎరువుల బస్తాల మీద నేర్చుకున్నది, అయినా ఆ ఊళ్లో అదే పెద్ద చదువు.

ఖమ్మంలో పిల్లల డాక్టరు నెమ్మదస్తుడు. జ్వరాల సంగతంతా విని, పిల్ల రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తుందని అడిగాడు. పెద్దామె, పిల్లకు జిల్లా ఫస్టు వచ్చిందని చెప్పే ధోరణిలో, రెండుసార్లని చెప్పింది. మధ్యలో పోదా అన్నాడు. మధ్యలో ఎందుకు పోతుందండీ, ఆడపిల్లయితే, అంది. డాక్టరు కలం కింద పెట్టాడు. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని కడుపు తడిమి, సీసా ఇచ్చి మూత్రం పరీక్షకు పంపాడు. సీసా పుచ్చుకున్న రమ నాయనమ్మ వైపు చూసింది. అది పగటిపూట. సీసా నిండేసరికి మధ్యాహ్నం దాటింది. పరీక్షలో చీము కణాలు కనబడ్డాయి.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. "మూత్రం కిడ్నీల నుంచి గొట్టాల్లకెళ్లి కింద సంచిల పడాలె. ఒకసారి సంచిలకు దిగినంక మళ్ల పైకి ఎక్కొద్దు. కొంతమంది పిల్లలకు పుట్టుకతోనే ఆ గొట్టం సంచికి అతికే కాడ పొట్టిగ ఉంటది. సంచి నిండినప్పుడల్లా మూత్రం పైకి ఎగదన్నుతది. దాంతోపాటు చీము కూడ పైకి పోతది. గట్ల పోతా ఉంటే కిడ్నీ మచ్చలు పడి ముడుచుకపోతది. ఈ పాపకు గదే ఉందేమో చూడాలె."

పెద్దామె కొడుకు మొహం విప్పారింది. ఆయనకు రోగాలు తెలియవు, పంపుసెట్లు తెలుసు. "అంటే ఫుట్‌వాల్వు పోయిందన్నమాట. నీళ్లు బావిలోకి తిరిగి జారినట్టు ఇక్కడ పైకి పోతున్నాయి. మార్చేస్తే పోలా?" అన్నాడు. డాక్టరు ముందు పరీక్ష చేయించమని బెజవాడకు రాసిచ్చాడు.

ఆ పరీక్ష గురించి కాస్త చెప్పాలి. మూత్రం సంచిలోకి సన్నటి గొట్టం పంపి, పైన వేలాడే సీసాలోంచి ఎక్స్‌రేకి కనబడే మందునీళ్లు ఎక్కిస్తారు. సంచి నిండాక పిల్ల ఆ బల్ల మీదే మూత్రం పొయ్యాలి. పోస్తున్నప్పుడు ఫోటోలు తియ్యాలి. నీళ్లు కిందికే వస్తున్నాయా, పైకి కూడా ఎగబాకుతున్నాయా అన్నది అప్పుడే కనిపిస్తుంది. పొయ్యకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే వైద్యం ఏదో తెలియదు.

బెజవాడ ఆసుపత్రిలో ఆ గొట్టాన్ని చూడగానే కొడుకు పడిపోయాడు. ట్రాక్టరు టైరును ఒంటి చేత్తో లేపే మనిషి. ఆయన పడ్డ చప్పుడుకు పక్క గదిలో ఎవరికో తీస్తున్న ఫోటో చెదిరిపోయిందని అక్కడివాళ్లు తర్వాత గొణిగారు. ఆయన్ని వరండాలో పడుకోబెట్టి, నేను ఎక్స్‌రే గది తెర ఇవతల నిలబడ్డాను.

మందునీళ్లు ఎక్కాయి. ఎక్స్‌రే డాక్టరు పొయ్యమ్మా అన్నాడు. రమ పైకప్పు చూస్తూ పడుకుంది. కుళాయి తిప్పారు. పిల్ల కదల్లేదు. అక్కడి ఆయా చంటిపిల్లలకు చేసినట్టు నోటితో సుయ్ సుయ్‌మని చప్పుడు చేసింది. ఆ చప్పుడుకు బయట బెంచీ మీద కాచుకున్న వాళ్లలో సగం మంది లేచి దొడ్డి ఎక్కడని అడుగుతూ పరుగెత్తారు. రమ మాత్రం పెదవులు బిగించుకుని అలాగే ఉంది. సంచి నిండిపోయి కడుపు ఉబ్బింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, కింద ఒక్క చుక్క లేదు. ఇట్లా అయితే గొట్టం తీసేసి ఇంటికి పంపాల్సిందేనని డాక్టరు విసిగిపోయి, పిల్లకు అలవాటైన ఆడవాళ్లెవరైనా లోపలికి రమ్మన్నాడు.

ఎక్స్‌రే ఒంటికి తగలకుండా పెద్దామెకు సీసం నింపిన కోటు తొడిగారు. ఆ కోటు బరువు ఆవిడ బరువుకన్నా ఎక్కువ. ఆవిడ బల్ల దగ్గరికి నడిచి వెళ్లిన తీరు చూస్తే యుద్ధానికి పోతున్నట్టు ఉంది.

"బుజ్జీ, పోసెయ్యమ్మా."

పిల్ల గొంతు సన్నగా వచ్చింది. "ఇంకా పొద్దుగూకలేదు కదా నాయనమ్మా."

ఎవరో కుళాయి కట్టేశారు. పెద్దామె ఆ కోటుతోనే పిల్ల మీదికి వంగింది. ఆ గొంతు మామూలుకన్నా చిన్నగా వినిపించింది. "ఇకనుంచి పొద్దుతో పనిలేదే తల్లీ. నీకు ఎప్పుడొస్తే అప్పుడే. నేను చెబుతున్నాగా."

"మగాళ్లున్నారు."

పెద్దామె వెనక్కి తిరిగింది. అందరూ గోడవైపు తిరగండి అంది. తిరిగారు. ఎక్స్‌రే డాక్టరు మాత్రం, నేను చూడకపోతే ఫోటో ఎట్లా వస్తుందమ్మా అని మొత్తుకున్నాడు.

"బొమ్మను చూడు నాయనా. పిల్లను చూడకు."

ఆయన ఎక్స్‌రే తెర మీదే కళ్లు పెట్టుకుని, మెడ పట్టేసినవాడిలా నిలబడ్డాడు. ముందు చుక్కలు పడ్డాయి. తర్వాత కిన్నెరసాని డ్యాము గేట్లెత్తినట్టు వచ్చింది. డాక్టరు వరసగా ఫోటోలు తీశాడు. నీళ్లు రెండు వైపులా పైకి ఎగదన్నుతున్నాయని, ఎడమవైపు మరీ ఎక్కువగా ఉందని చెప్పాడు. పెద్దామె బయటికొచ్చి, వరండా దాటి, మెట్లు దిగి, రోడ్డు మీదికి నడిచింది. ఆయా వెనకాల పరుగెత్తి ఆపింది. సీసం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. అంత బరువు మోస్తున్నట్టు ఆవిడకు తెలియనే లేదు.

ఫోటోలు పట్టుకుని మళ్లీ ఖమ్మం వెళ్లాం. డాక్టరు వాటిని వెలుతురుకు పెట్టి చూసి, రెండు దార్లున్నాయని చెప్పాడు. ఒకటి ఆపరేషన్: గొట్టాన్ని విడదీసి, సంచి గోడలో నుంచి కాస్త పొడుగ్గా దారి చేసి మళ్లీ అతికించడం. రెండోది కనిపెట్టుకుని ఉండడం: పిల్ల ఎదిగేకొద్దీ ఆ గొట్టం కూడా సాగి, చాలామందిలో అదే సర్దుకుంటుంది. అందాకా రోజూ పడుకునేముందు చిన్న మోతాదు మందు, చీము పట్టకుండా. మధ్య మధ్య మూత్రం పరీక్ష, ఏడాదికోసారి ఫోటో. దాంతోపాటు నీళ్లు బాగా తాగడం, రెండు మూడు గంటలకోసారి తప్పకుండా మూత్రం పొయ్యడం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం. మందు వేస్తున్నా జ్వరంతో చీము వచ్చినా, కిడ్నీ ఎదగకపోయినా, అప్పుడు ఆపరేషన్‌కు ఆలస్యం చెయ్యకూడదు. ఒకటి గొప్పదీ ఒకటి తక్కువదీ కాదు, పిల్లను బట్టి అన్నాడు.

కొడుకు ఆపరేషన్ అన్నాడు. వాల్వు పోతే మార్చాలి గానీ, అదే బాగవుతుందని మోటారు పక్కన మంచం వేసుకుని కూర్చుంటామా అని అడిగాడు. ఏళ్ల తరబడి మందు వెయ్యడం ఆయనకు అప్పు తీర్చకుండా వడ్డీ కట్టడంలా తోచింది. పెద్దామె కొడుకు మాట పూర్తికానిచ్చి డాక్టరునే అడిగింది.

"కోసి కుట్టేస్తే ఈ ఆపుకునే అలవాటు పోతుందా బాబూ?"

"పోదమ్మా. అలవాటు మనం మాన్పియ్యాలె. ఆపుకునుడు వల్ల ఈ జబ్బు పుట్టలేదు, ఇది పుట్టుకతోటి వచ్చింది. కాని ఆపుకున్నకొద్ది చీము పెరుగుతది, పైకి తన్నుడు ఎక్కువైతది. గది మాన్పకుంట ఆపరేషన్ చేసినా కష్టమే."

ఆవిడ కొంగు లాగి నడుములో దోపింది. "అయితే ముందు నేను పెట్టిన దాన్ని నేను తీస్తాను. అప్పటికీ కాకపోతే మీ కత్తి మీ దగ్గరే ఉంటుందిగా."

ఆ మర్నాటి నుంచి ఆ ఊరి కాలం మారిపోయింది. అదే వారం దొడ్డి గోడలు లేచాయి. ఎక్కడ కట్టాలని మేస్త్రీ అడిగితే, పెరట్లో పట్టపగలు ఎండ పడే చోట అంది. దాన్ని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకొచ్చారు. భద్రాచలం పోయే భక్తులు దారి మళ్లించుకుని చూసి పోయారని నేను రాస్తే ఎవరూ కాదనలేరు.

ఇంట్లో గడియారం ఉంది కానీ ఆవిడకు గడియారం మీద నమ్మకం లేదు. బస్సుల మీద ఉంది. తొలి కొత్తగూడెం బస్సు పోయిందా, "బుజ్జీ!" సత్తుపల్లి బస్సు వచ్చిందా, "బుజ్జీ!" మధ్యాహ్నం రేడియోలో వార్తలు మొదలయ్యాయా, "బుజ్జీ!" పోసి లేచిన పిల్లను అలాగే నిలబెట్టి, పెరట్లో జామకాయలెన్ని ఉన్నాయో చెప్పమనేది. చెప్పేలోపు పైకి ఎక్కిన నీళ్లు మళ్లీ సంచిలోకి దిగుతాయి. అప్పుడు రెండోసారి కూర్చోబెట్టేది. ఇది కూడా డాక్టరు చెప్పిందే, జామకాయలు మాత్రం ఆవిడ సొంత వైద్యం. ఆ కేకకు వీధి వీధంతా అలవాటు పడింది. సత్తుపల్లి బస్సు హారన్ వినబడగానే మా సంఘం ప్రెసిడెంటు మీటింగు మధ్యలో లేచిపోయేవాడు. ఒకరోజు బస్సు దారిలో చెడిపోయి రాకపోతే, ఊళ్లో సగం మంది మొహాలు మాడ్చుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. పెద్దామె ఆ డ్రైవరును నిలదీసింది. నీ బండిని నమ్ముకుని నా మనవరాలి కిడ్నీ ఉంది, ఇంజను బాగు చేయించుకో అంది. మొన్న నాకు కబురు చెప్పినవాడు ఆ డ్రైవరే.

బడి దగ్గర కథ అడ్డం తిరిగింది. బడిలో దొడ్డి లేదు. ఆడపిల్లలందరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చుంటారు. అంతమంది అట్లా కూర్చున్న గదిలో లెక్కలు ఎవరి బుర్రకెక్కుతాయో దేవుడికి తెలియాలి. పెద్దామె హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఈ ప్రాంతం మనిషి, మర్యాదస్తుడు.

"అడిగితే పంపియ్యమా పెద్దమ్మా? ఏ పిల్లన్న అడిగితే నేనెప్పుడన్న కాదన్ననా?"

"అడగడానికి దానికి నోరెక్కడిదయ్యా. ఆ నోరు కుట్టేసింది నేనే. మిగిలిన వాళ్లవి వాళ్ల ఇళ్లల్లో కుట్టారు. అడిగేదాకా ఆగకుండా నువ్వే పంపించు."

మర్నాడు బడి వెనకాల తాటాకు తడికలు లేచాయి, తన కూలీలనే పంపింది. ఇంటర్వెల్ గంట కాక రోజూ ఇంకో రెండుసార్లు గంట కొట్టించింది. మొదటి రోజు ఆ గంటకు ఒక్క పిల్లా లేవలేదు. అందరూ రమను చూశారు. రమ బయట నిలబడ్డ నాయనమ్మను చూసి లేచింది. దాని వెనక ఇంకొకతె, దాని వెనక బెంచీ మొత్తం. మిరపతోటలో పనిచేసే కోయ ఆడవాళ్లు ఇది విని నవ్వుకున్నారు. అంతటి అడివి పక్కనే పెట్టుకుని తడికలు కట్టుకునే తెలివి మీ కోస్తావాళ్లకే వచ్చిందమ్మా అని ఒకామె ఎదురుగానే ఎత్తిపొడిచింది. మాకు ఇన్నాళ్లూ సిగ్గుంది గానీ తడికలు లేవే అని పెద్దామె తిరిగి నవ్వింది.

రెండో వానాకాలంలో రమకు మళ్లీ జ్వరమొచ్చింది, వణుకుతో. మందు వేస్తుండగా చీము వస్తే ఆపరేషనే. రక్తపు చుక్కా, మూత్రం సీసా రెండూ పంపారు. మూత్రం శుభ్రంగా ఉంది. రక్తంలో మలేరియా ఉంది. పెద్దామె వీధిలోకి వచ్చి, "మలేరియానే! వట్టి మలేరియా!" అని అరిచి, ఎదురొచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో పంచదార పోసింది. మలేరియా ఉద్యోగి తన సర్వీసులో ఒక ఇంటివాళ్లు తనకు కొత్త ధోవతి పెట్టడం అదే మొదలని చెప్పుకుంటూ తిరిగాడు.

కొన్నేళ్లు అట్లాగే నడిచింది. పిల్ల పొడుగు సాగింది. గౌను మడతలు దించడానికి గుడ్డ చాలడం లేదు. ఏటేటా ఫోటో తీయిస్తూనే ఉన్నారు. మూడో ఏటికి కుడివైపు నీళ్లు పైకి పోవడం ఆగింది. ఎడమవైపు ఆగలేదు. ఆ తర్వాతి ఏటి ఫోటోలో ఎడమవైపు ఇంకా తన్నుతూనే ఉంది, ఆ కిడ్నీ ఎదగడం మందగించింది. ఇక ఆగొద్దని డాక్టరు చెప్పాడు.

పెద్దామె ఆ ఫోటోను చేతిలోకి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, చాలాసేపు చూసింది. "ఏ వేళ తప్పాను నేను?" అంది.

"ఏ వేళా తప్పలేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఆ గొట్టం మరీ పొట్టిగ ఉంది, గంతే. ఇన్నేండ్ల సంది చీము పట్టకుంట కాసిన్రు కాబట్టి ఆ కిడ్నీ ఇంకా మిగిలి ఉంది. లేకుంటే నేను దేనికి ఆపరేషన్ చెప్పాలె?"

కొడుకు పక్కనే ఉన్నాడు. మొదట్లోనే నేను చెప్పానుగా అనే హక్కు ఆయనకు ఆ రోజు ఉంది. వాడుకోలేదు. తల్లి చేతిలోంచి ఫోటో తీసుకుని సరిగ్గా తిప్పి ఇచ్చాడు. ఆవిడ కొంగు దోపలేదు. ఎప్పుడు చేస్తారని మాత్రం అడిగింది.

ఆపరేషన్ బెజవాడలో జరిగింది. పెద్దామె భద్రాచలం రాముడికి మొక్కుకుంది కానీ, ఆపరేషన్ ఎన్ని గంటలకో కూడా ఆయనకు చెప్పి, ఆ టైముకి వేరే పనులు పెట్టుకోవద్దని హెచ్చరించింది. బాగానే అయిందన్నారు. పిల్ల కడుపు మీద కుట్లు, కింద గొట్టం, గొట్టం చివర సంచి. సంచిలో నీళ్లు మొదట ఎర్రగా, తర్వాత గులాబి రంగుగా, తర్వాత మామూలుగా వచ్చాయి. పెద్దామె దాని ముందు స్టూలు వేసుకుని, వచ్చిన ప్రతి చుక్కనూ పేరుపెట్టి పిలిచినంత శ్రద్ధగా చూసింది. ఆవిడ ముందు తప్పు రంగులో రావడానికి ఆ మూత్రానికి ధైర్యం చాలలేదు.

గొట్టం తీసేసిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఇక పిల్ల తనంతట తాను పొయ్యాలి. పోస్తే ఇంటికి పంపుతారు, పొయ్యకపోతే మళ్లీ గొట్టం పెడతారు. రమకు అప్పుడు పదేళ్లు దాటాయి. మంటని భయపడి బిగబట్టింది. ఆయా పట్టుకుని బాత్‌రూము దాకా నడిపించి వెళ్లిపోయింది, పెద్దామె పిల్లతో లోపలికి వెళ్లింది. నేనూ కొడుకూ బయట వరండాలో ఉండిపోయాం. లోపల్నుంచి పెద్దామె బతిమాలడం వినిపించింది, మందలించడం వినిపించింది, కొబ్బరిచెట్టుకు కాయలెన్నో చెప్పమనడం కూడా వినిపించింది. నీళ్ల చప్పుడు మాత్రం లేదు.

కాసేపటికి తలుపు తీసుకుని పెద్దామె ఒక్కతే బయటికొచ్చింది. తలుపు ఆవిడ వెనకాల మూసుకుంది, లోపల్నుంచి గొళ్లెం పడింది.

"ఏమైందండీ?" అన్నాను.

"నన్ను బయటికి పొమ్మందిరా," అంది. "నువ్వుంటే రాదు నాయనమ్మా, నేను చూసుకుంటాలే అంది."

ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు చేతులూ చూసుకుంది. కొడుకు లేచి కుర్చీ జరిపాడు. కూర్చోలేదు. తలుపు దగ్గరికి ఒక అడుగు వేసి, మళ్లీ ఆగిపోయి, వెనక్కి వచ్చి వరండా చివర కటకటాల దాకా వెళ్లింది. అక్కడి నుంచి లోపలి చప్పుడు వినబడదు. వినబడకూడదనే వెళ్లింది. కింద రోడ్డు మీద రిక్షాలు పోతుంటే వాటినే చూస్తూ నిలబడింది.

చప్పుడు నాకే ముందు వినబడింది. చెబుదామని రెండడుగులు వేశాను. కొడుకు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. గొళ్లెం తీసిన చప్పుడయింది. రమ గోడ పట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి, మమ్మల్నిద్దర్నీ దాటుకుని, ఆ చెప్పే మాటేదో తానే చెప్పడానికి వరండా చివరికి వెళ్లింది.